పని ఇచ్చువాని కాయకము



బసవ జయంతి సభలలో కాయకమను మాట వినిపింపని ఉపన్యాసము ఉండదు. ఒడలు వంచి చేయు పనియే పూజ యనియు, పని ఎగ్గొట్టి చేయు పూజ పూజ కాదనియు వక్త చెప్పును, మనము తలలూపుదుము. ఆ సభలో పని చేయువారును కూర్చుండియుందురు, పని చేయించువారును కూర్చుండియుందురు. అయితే కాయక బోధ ఎల్లప్పుడును మొదటివారిని చూచియే సాగును. రెండవవారి వంతు వచ్చునప్పటికి వక్త దాసోహమునకు మరలును: అన్నదానము, మఠమునకు విరాళము, లింగమునకు వెండి తొడుగు. కూలివానికి కాయకము, యజమానికి దాసోహము అను ఈ పంపకము కల్యాణమున జరిగినది కాదు. తరువాతివారు తమ సౌకర్యము కొలది చేసికొన్నది. పని ఇచ్చువానికిని ఒక కాయకము కలదు. ఈ పుటలలో నేను విన్నవింపదలచినది దానిని గూర్చియే.

ఇందులకు ఒక ప్రేరణ కలదు. గుంటూరు ప్రాంతమున నూలు మిల్లు నడుపు భక్తుడొకరు గడచిన కార్తిక మాసమున ప్రవచనానంతరము నన్ను ఆపి, “మాస్టారూ, పత్తి ఉంది, మిషన్లు ఉన్నాయి, బ్యాంకు అప్పు కూడా ఉంది. మనుషులే లేరు. వచ్చినవాడు నాలుగు నెలలు ఉండడు. పండగకని ఊరికి పోతాడు, ఇక రాడు. కాయకం గురించి మీరింత చక్కగా చెబుతారు గదా, అది వాళ్లకు చెప్పేవాళ్లెవరూ లేరా?” అని అడిగిరి.

వారి కష్టము కల్ల కాదు. పత్తి ధర వారి చేతిలో లేదు, నూలు ధరయు లేదు. ఆ రెంటి నడుమ మిగులు సన్నని సందులో కరెంటు బిల్లు, వడ్డీ, జీతములు అన్నియు ఇమడవలెను. మనుషులు చాలక పది రింగు ఫ్రేములలో రెండు ఆగిపోయినను వడ్డీ మాత్రము ఆగదు. తెగిన పోగును తిరుగుచున్న కదురు మీద పట్టి అతికించుట క్రొత్తవాని వ్రేళ్లకు అలవడుటకు వారములు పట్టును. అలవడినదనుకొనునప్పటికి కాంట్రాక్టరు నెలకు మరియొక ఐదు వందలు చూపి అతనిని ప్రక్క మిల్లునకు తీసికొనిపోవును. నేర్పిన శ్రమ ఒకరిది, ఫలము వేరొకరిది. జీడిమెట్ల, బాలానగరములలోని లేతు షెడ్ల యజమానులును, పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీల వారును, తెలంగాణ రైసు మిల్లుల వారును చెప్పుకొను కథ ఇంచుమించు ఇదియే.

మన పరిశ్రమలు ఎవరి భుజముల మీద నిలిచియున్నవో 2020లో కన్నులారా చూచితిమి. మార్చి 25న దేశమంతయు మూతపడినది. పని పోయి, కూలి పోయి, గది అద్దె ఇయ్యలేక బిడ్డలను భుజమున వేసికొని రహదారుల వెంట నడచినవారిని మన ఊళ్లవారే పిలిచి అన్నము పెట్టిరి. వలస కార్మికుల కొరకు దేశమున నడచిన మొదటి ప్రత్యేక రైలు మే 1న మన లింగంపల్లి నుండియే జార్ఖండులోని హటియాకు బయలుదేరినది; సుమారు 1,200 మంది అందు పోయిరి. వారము తిరుగునప్పటికి బీహారునుండి రెండు వందల పైచిలుకు హమాలీలు మన రైసు మిల్లుల పనికై అదే లింగంపల్లిలో రైలు దిగిరి. ప్రభుత్వ పెద్దలు స్టేషనుకు పోయి వారికి స్వాగతము చెప్పిరి. అంతకు మునుపు ఎన్ని ఏండ్లుగా ఆ హమాలీలు వచ్చిపోవుచున్నను ఎవరును ఎదురేగలేదు. ఆ తరువాతి సంవత్సరములలో ఎందరు ఎదురేగిరో చదువరులకు తెలియును.

ఇక ఆ పని ఎట్టిదో చూతము. నూలు మిల్లులో పోగు తెగకుండుటకై గాలిలో తేమ నిలుపవలెను, కావున కిటికీలు మూసియుంచుదురు. గుంటూరు ఎండలో మూసిన గదిలోని ఆ తేమ ఎట్లుండునో ఊహింపుడు. కదుళ్ల హోరులో ప్రక్కవాని మాట వినబడదు. బ్లోరూములోను కార్డింగులోను పత్తి దుమ్ము ఎగయుచుండును. దానిని ఏండ్ల తరబడి పీల్చినవారికి వచ్చు రొమ్ము జబ్బును వైద్యులు బిసినోసిస్ అందురు. సెలవు గడచి మరల పనిలోనికి పోయిన మొదటి దినముననే రొమ్ము బిగబట్టుట దాని తొలి గురుతు. అట్టి గదిలో ఎనిమిది గంటలు, ఒక్కొక్కప్పుడు పన్నెండు గంటలు ఫ్రేముల నడుమ నడచుచునే యుండవలెను. రాత్రి షిఫ్టు ముగించి రేకుల గదికి చేరిన మనిషి, పగటి షిఫ్టునకు లేచిపోయినవాని చాపమీదనే నడుము వాల్చును. ఇట్టివానికి కాయక మహిమను గూర్చి నేను పోయి చెప్పవలెనని ఆ మిల్లు వారి కోరిక.

కాయకమునకు శరణులు పెట్టిన మొదటి నియమము అది సత్యశుద్ధముగా ఉండవలెననుట. మోసము కలసిన పని ఎంత కష్టమైనదైనను కాయకము కాదు. ఈ నియమము పని చేయు చేతికి మాత్రమే అనుకొందుము. పని గంటలను వ్రాయు కలమునకు వర్తింపదా? అదనపు గంటలకు రెట్టింపు కూలి ఇయ్యవలెనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము చెప్పినది. 2025 నవంబరు 21న అమలునకు వచ్చిన నాలుగు కార్మిక స్మృతులలోను ఆ నియమము నిలిచియే యున్నది. ప్రతి పనివానికిని నియామక పత్రము ఇయ్యవలెనను నియమమును చేరినది. పన్నెండు గంటలు చేయించి ఎనిమిది వ్రాసి, తక్కినది కాంట్రాక్టరు చూచుకొనునని చేయి దులుపుకొన్నచో, అట్లు మిగిలిన ధనముతో మఠమునకు వెండి తొడుగు చేయించినను అది దాసోహము కాజాలదు. తన సత్యమైన ఆర్జనలో తన అవసరము పోను మిగిలినదానిని, నేను దాసుడనను భావముతో, ఇచ్చుచున్నానను గర్వము లేక సమాజమునకు అర్పించుట దాసోహము. జీతము అట్టిది కాదు. జీతము బాకీ. బాకీ తీర్చక దానము చేయువానిని మన ఊళ్లలో ఏమందురో నేను వ్రాయనక్కరలేదు.

ఇచ్చట ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ కొందరికి గుర్తు రావచ్చును. కల్యాణమున బసవన్న వాకిట రాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చి, వానితో దాసోహము జరుపుట మారయ్య కాయకము. ఒకనాడు అతడు మామూలుకంటె ఎక్కువ తెచ్చెను. లక్కమ్మ చూచి, ఇది మన అవసరమునకు మించినది, ఎచ్చట ఏరితిరో అచ్చటనే పోసి రండని భర్తను త్రిప్పి పంపెను. అత్యాశ కూడదనుటకు ఈ కథను జీతము పెంచుమని అడిగిన పనివానికి చెప్పువారిని నేను విన్నాను. ఇది కథను తలక్రిందులు చేయుట. లక్కమ్మ పరుల పాలు కొలువలేదు. తన చేటలోని బియ్యమును తాను కొలిచెను. ఎవరి చేటలో ఎక్కువ పడినదో వారికే ఆ కథ. యజమాని సంవత్సరాంతమున లెక్కలు చూచుకొనునప్పుడు తలచుకొనవలసినది గాని, మిల్లు నోటీసు బోర్డు మీద అంటించవలసినది కాదు.

మనుషులు నిలువకపోవుట మన కాలమున పుట్టిన ఇక్కట్టు కాదు, మన దేశమునకే చెందినదియు కాదు. అమెరికాలో డెట్రాయిటు నగరమును ఆనుకొనియున్న హైలాండ్ పార్కులో హెన్రీ ఫోర్డు కార్ల ఫ్యాక్టరీ ఉండెను. 1913లో అచ్చట కదలిపోవు వరుస మీద కారును కూర్చు పద్ధతి ప్రవేశపెట్టిరి. తన యెదుటికి వచ్చిన ఒక్క మరను బిగించుటయే ఒకని పని. ఉదయము మొదలు సాయంకాలము వరకు అదే మర. పని వేగము పెరిగినది గాని మనుషులు నిలువలేదు. సుమారు 14,000 మంది పనివారిని నిలుపుకొనుటకై ఆ యొక్క సంవత్సరములో 52,000 మందికి పైగా చేర్చుకొనవలసి వచ్చినది. అనగా నూటికి 370 వంతున మనుషులు మారిరి. అప్పుడు ఫోర్డు పనివారిని కూర్చుండబెట్టి పని పవిత్రతను గూర్చి ఉపన్యాసము చెప్పించలేదు. 1914 జనవరి 5న పనిగంటలను 9 నుండి 8కి తగ్గించి, అంతవరకు రెండున్నర డాలర్లకు లోపుగా ఉన్న దినకూలిని 5 డాలర్లు చేయుచున్నట్లు ప్రకటించెను. గేటు ముందు వేలకొలది జనము గుమిగూడిరి. 1915 నాటికి నూటికి 370 అన్నది 16కు దిగినది. ఇది ధర్మబుద్ధితో చేసినది కాదు. తన ఖర్చులు తగ్గించిన మేలైన ఉపాయములలో ఇదియొకటి యని తరువాత అతడే వ్రాసికొన్నాడు. నా మిల్లు భక్తుని వంటివారికి ఈ మాట ధర్మోపదేశముకంటె త్వరగా చెవికెక్కునని నా తలంపు.

అయితే ఫోర్డు కథలో రెండవ సగము కూడ కలదు. ఆ 5 డాలర్లలో సగము జీతము కాదు, లాభములో వంతు అను పేరుతో యోగ్యులకు మాత్రము ఇచ్చునది. యోగ్యుడెవడో తేల్చుటకై కంపెనీ మనుషులు పనివాని ఇంటికి వచ్చి, ఇల్లు శుభ్రముగా ఉన్నదా, త్రాగుచున్నాడా, డబ్బు దాచుచున్నాడా అని విచారించిరి. ఆడవారికి మొదట ఆ వంతే లేదు. మన ప్రక్కనున్న తమిళనాట నూలు మిల్లులలో సుమంగళి పథకమను పేరుతో జరిగినదియు ఈ కోవలోనిదే. పెండ్లి కావలసిన పేద పిల్లలను మిల్లు హాస్టలులో ఉంచి, మూడేండ్లు పని చేసిన పిమ్మట ఒక్కసారి పెద్ద మొత్తము ఇత్తుమనిరి. ఆ మూడేండ్లు గేటు దాటుటకు అనుమతి కావలెను. నడుమ జబ్బుపడి మానిన పిల్లకు ఆ మొత్తము దక్కని సందర్భములు ఎన్నో బయటపడినవి. పేరు ఎంత మంగళకరమైనదో చూడుడు! ఇట్లు ఇచ్చి పట్టుకొనుట ఒకటి, ఇచ్చి విడిచిపెట్టుట వేరొకటి. మొదటిదానివలన మనిషి కొంత కాలము ఆగునేమో గాని, అది దాసోహమునకు దగ్గరి చుట్టమైనను కాదు.

మరి పని ఇచ్చిన శరణుడు మన సంప్రదాయమున ఎవరైన కలరా? కలరు. సొన్నలిగె సిద్ధరామేశ్వరుడు. సొన్నలిగె యనగా నేటి సోలాపురము. ఆ శివయోగి 12వ శతాబ్దమున పెద్ద చెరువు త్రవ్వించెను. సిద్ధేశ్వరాలయమును చుట్టుకొని ఆ జలాశయము నేటికిని ఆ పట్టణమున కలదు. ఆ పని సాగుచున్న కాలమున అల్లమప్రభువు అచ్చటికి వచ్చి, మట్టి మోయుచున్నవారిని చూచి, మీ ఒడ్డరాముడెక్కడ అని అడిగెనట. ఒడ్డ యనగా మన వడ్డె. మన్ను త్రవ్వి రాయి కొట్టి బ్రదుకువారు. మా గురువును ఇంత మాట అనునా యని పనివారు కోపించి, చేతికందిన రాళ్లు ప్రభువు మీద రువ్విరి. ఒక్కటియు ఆయనకు తగులలేదనియు, ప్రక్కన గుట్టగా పడినవనియు సంప్రదాయము చెప్పును.

ఈ కథను ప్రవచనకారులు సిద్ధరామునికి కలిగిన జ్ఞానోదయము కొరకు చెప్పుదురు. నాకు మాత్రము ఆ రాళ్లు రువ్వినవారి మీదనే దృష్టి నిలుచును. పనివారు యజమాని మీద రాళ్లు రువ్విన వార్తలు మనకు క్రొత్త కావు. యజమాని కొరకు రువ్వినవారు వీరు. అంత మమత ఆయన ఎట్లు సంపాదించెనో ప్రతి మిల్లు యజమానియు ఆలోచింపదగినది. తట్టలు ఎత్తునప్పుడు తాను గట్టు మీద గొడుగు క్రింద నిలిచియుండిన గురువు కొరకు ఎవరును రాయి పట్టరు. అయితే అందులోనే మరియొక విశేషము కలదు. వారికి కోపము తెప్పించిన మాట ఏది? తాము చేయుచున్న పని పేరే! మన్ను త్రవ్వువారే, మన్ను త్రవ్వువాడని తమ గురువును పిలుచుట తిట్టుగా భావించిరి. ఇతరులు ఎన్ని ఏండ్లు ఆ పేరును తిట్టుగా వాడియుండగా వారికి అట్లు తోచినదో!

అనుభవ మంటపము చేసిన గొప్ప పని ఇచ్చటనే యున్నది. అచ్చట పని పేరు మనిషి పేరునకు ముందు బిరుదుగా నిలిచినది. బట్టలుతుకు మడివాలు మాచయ్య, పడవ నడుపు అంబిగర చౌడయ్య, త్రాళ్లు పేను నులియ చందయ్య, బుట్టలల్లు మేదర కేతయ్య. బిజ్జలుని కొలువులో భాండాగారి యైన బసవన్న వారి సరసనే కూర్చుండెను. మన పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున కుమ్మరి గుండయ్యను గానము చేసెను. ఆయన కుండల మీద వేసిన తాళమునకు శివుడే ఆడెనని ఆ కథ. కుమ్మరివాని చప్పుడు దేవునికి సంగీతమైనది. మన మిల్లులలోని చప్పుడు మనకే పట్టదు.

నా వద్ద పదవ తరగతి చదివి, ఐటిఐలో ఫిట్టరు సర్టిఫికెట్టు పొందిన యువకుడొకడు నేడు హైదరాబాదులో మోటారుసైకిలు మీద ఇంటింటికి అన్నపు పొట్లములు చేరవేయుచున్నాడు. నేర్చిన పని విడిచితివేమని అడిగితిని. “కష్టం అక్కడా అంతే, ఇక్కడా అంతే సార్. కాని ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు ‘ఒరేయ్’ అంటాడు. పైగా మిల్లులో పని అంటే పిల్లనెవరిస్తారు సార్?” అని నవ్వెను. ఎండలో వానలో తిరుగు పనికి ఈ పని ఎందులో మేలు అని నాకు తోచినది గాని, ‘ఒరేయ్’ అను మాటకు నా వద్ద సమాధానము లేదు. కుర్రవారికి సెల్‌ఫోను పిచ్చి, ఒళ్లు వంగదని పెద్దలు తేలికగా అనుచుందురు. ఆ యజమానులలో ఎందరు తమ కుమారులను ఒక్క యేడాది రింగు ఫ్రేము ముందు నిలిపి పని నేర్పించిరి? వారిని కంప్యూటరు చదువులకు పంపి, ఇతరుల కుమారులు వచ్చి తమ మిల్లులో తరతరములు నిలువవలెననుకొనుట న్యాయము కాదు.

మరియొక మాట. బయటి రాష్ట్రములవారు వచ్చి మన ఊరిలో ఉన్నారని ముఖము చిట్లించువారు సోలాపురము పోయి చూడవలెను. సిద్ధరాముని ఆ పట్టణమున మన తెలంగాణ పద్మశాలీల కుటుంబములు తరతరములుగా మగ్గములు నడుపుచున్నవి. దుప్పట్లు, తువ్వాళ్లు నేయు ఆ వీథులలో తెలుగు వినబడును. భీవండికి, సూరతునకు పోయినవారును మనవారే. పరాయి ఊరిలో అద్దె గది దొరకుట, బిడ్డకు బడి దొరకుట, జబ్బుపడిననాడు ఒక మాట పలుకువారుండుట ఎంత అవసరమో వారి ఇండ్లలోని పెద్దలను అడిగిన చెప్పుదురు. ఒడియా యువకునికి గుంటూరులో కావలసినదియు అంతే.

కావున మిల్లు భక్తునితో నేను చెప్పినది క్లుప్తముగా వ్రాయుదును. మొదట పనిగంటల పుస్తకము సరిచేయుడు. జీతపు చీటీని పనివాడు చదువగల లిపిలో, ఒడియాలోనో హిందీలోనో, ఇయ్యుడు, భవిష్యనిధికిని, ఇ.ఎస్.ఐ.కిని ఎంత కోసితిరో అతనికి తెలియవలెను. 2019 జూలై నుండి ఇ.ఎస్.ఐ.కి పనివాని వంతు జీతములో నూటికి ముప్పాతిక, యజమాని వంతు మూడుంబావు. తన వంతు కట్టియు, జబ్బుపడిననాడు ఆ ఆసుపత్రి ఎచ్చట నున్నదో తెలియని వారు ఎందరో కలరు. చేరిన మొదటి వారముననే ఒకరిని తోడిచ్చి చూపింపుడు. సొంత ఊరి రేషను కార్డుతో ఇచ్చటనే బియ్యము తీసికొను ఏర్పాటు 2022 నాటికి అన్ని రాష్ట్రములకు వచ్చినది. ఆ సంగతి చెప్పుటకు ఖర్చు లేదు. కార్డింగులో దుమ్ము పీల్చు యంత్రము చెడినచో, గుడి ప్రహరీకంటె ముందు దానిని బాగుచేయింపుడు. సూపర్‌వైజరు నోటి మాట సంగతి మీరే చూడవలెను, కాంట్రాక్టరునకు విడువరాదు.

ఇవి అన్నియు చేసినను కొందరు పోవుదురు. పొలము విత్తు కాలమున, కోత కాలమున తల్లిదండ్రుల వద్దకు పోవుట తప్పు కాదు. పశ్చిమ ఒడిశావారికి భాద్రపదమున నువాఖాయి, బీహారువారికి దీపావళి గడచిన పిమ్మట ఛఠ్; మనకు సంక్రాంతి యెట్టిదో వారికి అవి అట్టివి. ఆ సమయమున సెలవు అడిగినవారినందరిని కాదనుటకంటె, వంతులవారిగా ఎవరు ఎప్పుడు పోయి ఎప్పుడు రావలెనో రెండు నెలలకు ముందే వారితో కూర్చుండి వ్రాసికొని, పోవువారి చేతిలో జీతము బాకీ లేకుండ పెట్టి, తిరుగు రైలు టిక్కెట్టు కూడ మిల్లు ఖర్చున తీసి ఇచ్చుట మేలు. రాబోవు నువాఖాయికి ఈ పద్ధతి మొదలుపెట్టుదునని ఆ భక్తుడు మాట ఇచ్చిరి. టిక్కెట్టు ఖర్చు ఏ పద్దులో వ్రాయవలెనని అడిగిరి; దాసోహపు పద్దులో వ్రాయవలదు, జీతపు పద్దులోనే వ్రాయుడని చెప్పితిని.